వి, వి కొట్టేసే ఆ లైను

మాగ్నెటిక్ ఫీల్డ్‌లో చార్జ్ ఉన్న కణం ఎలా తిరుగుతుంది అన్న చాప్టర్ చదివినవాళ్లలో చాలామందికి చివరికి మిగిలేవి రెండు ఫార్ములాలు. రేడియస్ అంటే ఎం వి బై క్యూ బి, ఒక చుట్టుకి పట్టే టైమ్ అంటే టూ పై ఎం బై క్యూ బి. ఎం అంటే కణం మాస్, వి స్పీడు, క్యూ చార్జ్, బి ఫీల్డ్ బలం, తెలిసిందే. మొదటి దాన్నించి రెండోదానికి వెళ్లేటప్పుడు పైన ఒక వి, కింద ఒక వి వస్తాయి, రెండూ కొట్టేస్తాం, పుస్తకంలో అది అర లైను కూడా ఉండదు, సింప్లిఫై చేయగా అని రాసి వెళ్లిపోతారు. నా లెక్కలో మాత్రం చాప్టర్ మొత్తానికి ప్రాణం ఆ అర లైనే. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగ్గానే చెప్తా.

ముందు ఫోర్స్ సంగతి. కణం కదలకుండా ఉంటే మాగ్నెటిక్ ఫీల్డ్‌కి దానితో పనే లేదు. ఫీల్డ్ వెంబడే పోతున్నా పని లేదు. అడ్డంగా వెళ్తేనే పట్టుకుంటుంది, పట్టుకున్నాక కూడా ముందుకి తొయ్యదు, వెనక్కి లాగదు, పక్కకి మాత్రం నెడుతుంది, అదీ ఫీల్డ్‌కి లంబంగా, వేగానికి కూడా లంబంగా. ఇలా పక్కకి నెట్టే ఫోర్స్ పని చెయ్యదు (ఫిజిక్స్ అర్థంలో పని), కాబట్టి కణం స్పీడు పెరగదు, తగ్గదు, ఎనర్జీ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, దిశ ఒక్కటే మారుతుంది. ఎంత బలమైన అయస్కాంతం తెచ్చిపెట్టినా సరే, దాని ఫీల్డ్ మారకుండా ఉన్నంతసేపు ఒక్క ఎలక్ట్రాన్ స్పీడుని కూడా అది పెంచలేదు. దీన్ని లోరెంజ్ ఫోర్స్ అంటాం గానీ ఈ ఫార్ములా నేరుగా ఏమీ రాలేదు, 1881లో జె.జె. థామ్సన్ లెక్కకట్టినప్పుడు ఫోర్స్ సగమే వచ్చింది, 1889లో ఆలివర్ హెవిసైడ్ దాన్ని సరిచేశాడు, తర్వాత హెండ్రిక్ లోరెంజ్ ఎలక్ట్రిక్ ఫోర్స్‌నీ మాగ్నెటిక్ ఫోర్స్‌నీ కలిపి ఒక్క ఫార్ములాగా పెట్టాడు, పేరు ఆయనకి దక్కింది. మ్యాక్స్‌వెల్ ఈక్వేషన్లు ఇవాళ మనం రాసే నాలుగు లైన్ల రూపంలోకి తెచ్చింది కూడా హెవిసైడే, వాటి మీదా ఆయన పేరు లేదు.

ఇక సర్కిల్. ఫోర్స్ సెంటర్ వైపు ఉంటుంది కాబట్టి కణం సర్కిల్‌లో తిరుగుతుంది అని చెప్తుంటారు, తాడుకి రాయి కట్టి తిప్పే ఉదాహరణ ఇస్తారు. నాకు ఆ పోలిక అంతగా నచ్చదు. తాడు కేసులో సెంటర్ ముందే ఉంది, అక్కడ చెయ్యి ఉంది, ఆ చెయ్యి లాగుతోంది. ఇక్కడ సెంటర్‌లో ఏమీ లేదు, ఖాళీ, కణానికి ఆ సెంటర్‌తో సంబంధమే లేదు. దానికి తెలిసింది తను ఉన్న చోట ఫీల్డ్ ఎంత, తన వేగం ఎటు, అంతే. స్పీడు మారదు, ఫీల్డ్ అంతటా ఒకేలా ఉంది, కాబట్టి పక్కకి నెట్టే ఫోర్స్ ప్రతి క్షణం ఒకే సైజులో ఉంటుంది, అంటే దారి ప్రతి చోటా ఒకే మోతాదులో వంగుతుంది, కాగితం మీద ప్రతి చోటా ఒకే మోతాదులో వంగే గీత సర్కిల్ తప్ప ఇంకోటి లేదు. సెంటర్ అనేది ఆ తర్వాత మనం పెట్టుకునే చుక్క. అందుకే ప్రాబ్లంలో యూనిఫాం ఫీల్డ్ అన్న మాట ఊరికే రాయరు. ఫీల్డ్ ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ అయిందనుకోండి, ఎక్కువ ఉన్న పక్క దారి బిగుతుగా వంగుతుంది, తక్కువ ఉన్న పక్క వదులుగా, చుట్టు సరిగ్గా మూసుకోదు, చుట్టు చుట్టుకీ కణం కొంచెం కొంచెం పక్కకి జరిగిపోతూ ఉంటుంది.

ఇప్పుడు వి కొట్టేయడం దగ్గరికి వద్దాం. ఆల్జీబ్రాలో కొట్టేస్తే అర్థం కాదు, ఇలా చూడండి. కణం మొమెంటం ఒక బాణం, దాని పొడవు ఎం వి. ఫీల్డ్ ఆ బాణానికి సెకనుకి పక్కన అతికించే ముక్క క్యూ వి బి. బాణం ఎంత కోణం తిరిగింది అంటే పక్కన అతికించిన ముక్కని బాణం పొడవుతో భాగించడమే. స్పీడు రెట్టింపు చెయ్యండి, బాణం రెట్టింపు పొడవైంది, తిప్పడం కష్టమైంది, కానీ అతికించే ముక్క కూడా రెట్టింపు అయింది. కోణం అదే. ఫోర్స్‌లో ఒక వి ఉంది, మొమెంటంలో ఒక వి ఉంది, ఆ రెండూ సరిగ్గా ఒకే మోతాదులో ఉండటం వల్లే ఇదంతా. కాబట్టి ఒకే రకం కణాలు రెండు, ఒకటి నిదానంగా, ఇంకోటి దానికి పది రెట్లు స్పీడుగా, ఒకే చోటు నుంచి ఒకేసారి బయలుదేరితే, మొదటిది చిన్న చుట్టు కొడుతుంది, రెండోది పది రెట్లు పెద్ద చుట్టు కొడుతుంది, రెండూ బయలుదేరిన చోటికే ఒకే క్షణంలో తిరిగొస్తాయి. గ్రహాల్లో ఇలా ఉండదు, అక్కడ పెద్ద చుట్టు కొట్టేవాటికి టైమ్ ఎక్కువ పడుతుంది.

అంకెలు పెట్టి చూస్తే ఇంకా బాగుంటుంది. ఒక టెస్లా (ఫీల్డ్ బలాన్ని కొలిచే యూనిట్) ఫీల్డ్‌లో ఎలక్ట్రాన్ సెకనుకి 2800 కోట్ల చుట్లు కొడుతుంది. ప్రోటాన్ దాదాపు 1836 రెట్లు బరువు కాబట్టి అదే ఫీల్డ్‌లో కోటిన్నర చుట్లే. భూమి ఫీల్డ్ చాలా వీక్, 50 మైక్రో టెస్లా అనుకుందాం, అందులో ఎలక్ట్రాన్‌కి సెకనుకి 14 లక్షల చుట్లు, ప్రోటాన్‌కి 760 చుట్లు. ఈ లెక్క కట్టడానికి ఎవరూ స్పీడు చెప్పక్కర్లేదు, ఎలక్ట్రాన్ అని చెప్పి, ఫీల్డ్ ఎంతో చెప్తే చాలు. ఎంట్రన్స్ పేపర్లలో ఒక పాత ప్రశ్న ఉంటుంది కదా, ఫీల్డ్ ఒక గీతకి కుడి పక్క మొత్తం ఉంది, ఎడమ పక్క లేదు, కణం ఆ గీతకి లంబంగా లోపలికి దూరింది, లోపల ఎంతసేపు ఉంటుంది అని. ప్రశ్నలో స్పీడు ఇచ్చి ఉంటే అది దారి తప్పించడానికే, అరచుట్టు కొట్టి బయటికొస్తుంది, టైమ్ పై ఎం బై క్యూ బి. లోపలికి వచ్చే కోణం మారిస్తే టైమ్ మారుతుంది, స్పీడు మారిస్తే మారదు.

ఈ అర లైనుని సీరియస్‌గా తీసుకున్న మనిషి ఎర్నెస్ట్ లారెన్స్. 1929లో బర్క్‌లీలో ఉండగా ఆయనకి రోల్ఫ్ విడరో అనే నార్వే ఇంజనీరు జర్మన్‌లో రాసిన పేపర్ ఒకటి కనిపించింది. అందులో ఐడియా ఏంటంటే, ఒకేసారి పెద్ద వోల్టేజ్ పెట్టకుండా చిన్న వోల్టేజ్‌తోనే కణాన్ని మళ్లీ మళ్లీ తొయ్యడం, వరసగా గొట్టాలు పెట్టి, గొట్టానికి గొట్టానికి మధ్య ఖాళీలో ఒక్కో తోపు. ఇబ్బంది ఏంటంటే కణం స్పీడు పెరిగేకొద్దీ తర్వాతి గొట్టం ఇంకా పొడవు ఉండాలి, మిషన్ అలా సాగుతూనే పోతుంది. లారెన్స్ అనుకున్నది, కణాన్ని మాగ్నెటిక్ ఫీల్డ్‌లో పెట్టి తిప్పితే ఒకే ఖాళీ దగ్గరికి అదే మళ్లీ మళ్లీ వస్తుంది కదా అని. సరే, తిప్పాం, కానీ ప్రతి తోపుకీ స్పీడు పెరుగుతుంది, మరి ఎప్పుడు తొయ్యాలో ఎలా తెలుస్తుంది? అక్కడే వి కొట్టేసుకుపోయిన సంగతి పనికొచ్చింది. స్పీడు పెరిగితే చుట్టు పెద్దదవుతుంది గానీ అరచుట్టుకి పట్టే టైమ్ మారదు, కాబట్టి వోల్టేజ్‌ని ఒకే ఫ్రీక్వెన్సీలో అటూ ఇటూ మారుస్తూ వదిలేస్తే చాలు, కణం ఎప్పుడు ఖాళీ దగ్గరికి వచ్చినా తోపు రెడీగా ఉంటుంది. ఎవరూ దాన్ని వెంబడించి టైమింగ్ చూడక్కర్లేదు.

ఆ మిషన్ పేరే సైక్లోట్రాన్, ఆయన స్టూడెంట్ స్టాన్లీ లివింగ్‌స్టన్ దాన్ని కట్టి చూపించాడు. 1931 జనవరిలో నాలుగున్నర అంగుళాల మిషన్, అంటే అరచేతిలో పట్టేంతది, రెండు వేల వోల్ట్‌ల లోపు వోల్టేజ్‌తో హైడ్రోజన్ అయాన్లకి 80,000 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల ఎనర్జీ ఇచ్చింది (ఎలక్ట్రాన్ అంత చార్జ్‌ని ఒక వోల్ట్‌తో ఒకసారి తోస్తే వచ్చే ఎనర్జీ ఒక ఎలక్ట్రాన్ వోల్ట్). లెక్కేసుకోండి, నలభైకి పైగా తోపులు, ఒక్కటి కూడా టైమింగ్ తప్పకుండా. 1939లో లారెన్స్‌కి నోబెల్ వచ్చింది.

సైక్లోట్రాన్ చదివినవాళ్లు ఇంకో విషయం దగ్గర తడబడటం చూస్తుంటాను. వోల్టేజ్ పెంచితే బయటికొచ్చే కణం ఎనర్జీ పెరుగుతుందా అని అడిగితే పెరుగుతుంది అంటారు. పెరగదు. కణం బయటికొచ్చేది మిషన్ అంచు దగ్గరికి చేరినప్పుడు, అంచు దగ్గర రేడియస్ ఫిక్స్, ఫీల్డ్ ఫిక్స్, కాబట్టి ఎం వి కూడా ఫిక్స్. వోల్టేజ్ పెంచితే అక్కడికి తక్కువ చుట్లలో చేరుతుంది, తగ్గిస్తే ఎక్కువ చుట్లు కొట్టి చేరుతుంది, అంతే తేడా. మాగ్నెటిక్ ఫీల్డేమో ఎనర్జీ ఇవ్వదు, ఎనర్జీ అంతా ఖాళీలో ఉన్న ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఇస్తుంది, కానీ మొత్తం ఎంత ఇవ్వాలో డిసైడ్ చేసేది ఏమీ ఇవ్వని ఆ మాగ్నెటిక్ ఫీల్డే. నాకు ఇది భలే సరదాగా ఉంటుంది.

అయితే ఈ ఏర్పాటు ఎప్పటికీ సాగదు. మొమెంటం ఎం వి అన్నాం, స్పీడు లైట్ స్పీడుకి దగ్గరపడేకొద్దీ అది నిజం కాదు, మొమెంటం అంతకంటే త్వరగా పెరుగుతుంది, బాణం పొడవు అతికించే ముక్క కంటే ముందుకి పోతుంది, అంటే చుట్టుకి టైమ్ పెరగడం మొదలవుతుంది. ప్రోటాన్‌కి సుమారు 9.4 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గరే తేడా ఒక శాతం. ఒక శాతమే కదా అనిపిస్తుంది, కానీ చుట్టు చుట్టుకీ ఆలస్యం పోగవుతుంది, కొన్నాళ్లు కాదు, కొన్ని పదుల చుట్లలోనే కణం తోపు అయిపోయాక వచ్చే పరిస్థితి. 1937లో హాన్స్ బెథే, మోరిస్ రోజ్ కలిసి సైక్లోట్రాన్‌కి ఇంతకంటే ముందుకి దారి లేదని పేపర్ రాశారు. దారి రెండు రకాలుగా దొరికింది. ఒకటి, ఆలస్యానికి తగ్గట్టు వోల్టేజ్ ఫ్రీక్వెన్సీని కూడా తగ్గిస్తూ పోవడం, 1944లో వ్లదిమిర్ వెక్స్‌లర్, 1945లో ఎడ్విన్ మెక్‌మిలన్ ఎవరికి వాళ్లు విడివిడిగా దీన్ని చెప్పారు. రెండోది, అంచు వైపు వెళ్లేకొద్దీ ఫీల్డ్ పెంచి, పెరిగిన మొమెంటానికి సరిపడా బి పెంచి, టైమ్‌ని మళ్లీ పాత టైమ్‌కే తెచ్చిపెట్టడం. ఈ రెండో రకం ఇవాళ కేన్సర్‌కి ప్రోటాన్ ట్రీట్‌మెంట్ ఇచ్చే చోట్ల 230, 250 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దాకా పనిచేస్తోంది. పెట్ (PET) స్కాన్‌కి వాడే ఫ్లోరిన్-18 తయారుచేసే చిన్న సైక్లోట్రాన్లకి ఇంత గొడవ లేదు, వాటికి ఇరవైలోపే చాలు, ఆ ఫ్లోరిన్ సగం 110 నిమిషాల్లో కరిగిపోతుంది కాబట్టి మిషన్‌ని స్కాన్ సెంటర్‌కి మరీ దూరంగా పెట్టలేరు.

చుట్టు టైమ్‌లో వి లేదు, సరే, ఉన్నవేంటి? ఎం, క్యూ, బి. బి తెలిస్తే చుట్లు లెక్కపెట్టడమే కణాన్ని తూకం వెయ్యడం. ప్రపంచంలో మనం అన్నిటికంటే కచ్చితంగా కొలవగలిగేది ఫ్రీక్వెన్సీనే, కాబట్టి ఇది మామూలు తూకం కాదు. 1974లో కొమిసరో, మార్షల్ అనే ఇద్దరు కెమిస్టులు దీన్ని మాలిక్యూల్స్ బరువు చూడటానికి వాడుకున్నారు, అయాన్లన్నిటినీ ఒక చిన్న గదిలో బంధించి ఒకేసారి తిప్పి, వచ్చిన కలగాపులగం సిగ్నల్‌లోంచి ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో విడదీశారు, ఒక్కో ఫ్రీక్వెన్సీ ఒక్కో బరువు. అయాన్లు ఒక్కోటి ఒక్కో స్పీడులో ఉన్నా పర్లేదు, వి లేదు కదా. ఇదే పనిని యూరప్‌లోని సెర్న్ ల్యాబ్‌లో బేస్ అనే టీం ప్రోటాన్ మీద, యాంటీప్రోటాన్ (ప్రోటాన్‌కి మైనస్ చార్జ్ ఉన్న జోడీ) మీద చేసి, రెండిటి చార్జ్‌కీ మాస్‌కీ ఉన్న నిష్పత్తి లక్ష కోట్లలో 16 వంతుల కచ్చితత్వం దాకా ఒకటేనని 2022లో చెప్పింది. యాంటీమ్యాటర్‌కి వేరే రూల్స్ ఉంటాయేమో అని ఆశపడేవాళ్లకి ఆ రోజు నిరాశే.

ఇప్పుడు రెండో వైపు. టైమ్‌లోంచి వి పోయింది గానీ రేడియస్‌లో అలాగే కూర్చుంది, అక్కడ అది ఉండటమే లాభం. రేడియస్‌ని క్యూ బి తో గుణిస్తే మొమెంటం వచ్చేస్తుంది, కాబట్టి కణం నడిచిన దారి ఫొటో తీసి వంపు కొలిస్తే చాలు, కణం ఎంత ఊపులో ఉందో తెలుస్తుంది. ఎటు వంగిందో చూస్తే చార్జ్ ప్లస్సా మైనస్సా తెలుస్తుంది. తెలుస్తుంది అన్నాను గానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, కింద నుంచి పైకి పోయే ప్లస్ కణం, పై నుంచి కిందికి వచ్చే మైనస్ కణం, రెండూ ఫొటోలో ఒకే గీత గీస్తాయి. గీతకి బాణం గుర్తు ఉండదు.

1932లో కాల్టెక్‌లో కార్ల్ ఆండర్సన్‌కి సరిగ్గా ఇదే సమస్య. ఆయన 15,000 గాస్ ఫీల్డ్‌లో, అంటే ఒకటిన్నర టెస్లాలో, క్లౌడ్ చాంబర్ (కణం నడిచిన దారి ఆవిరిలో గీతలా కనిపించే పెట్టె) పెట్టి కాస్మిక్ కిరణాల ఫొటోలు తీస్తున్నాడు. ఎలక్ట్రాన్‌లాగే పల్చటి గీతలు కొన్ని తప్పు వైపు వంగుతున్నాయి. ఇవి ప్లస్ చార్జ్ ఉన్న కొత్త కణాలా, లేక కింద నుంచి పైకి పోతున్న మామూలు ఎలక్ట్రాన్లా? తేల్చడానికి చాంబర్ మధ్యలో 6 మిల్లీమీటర్ల సీసం పలక అడ్డంగా పెట్టాడు. పలకలోంచి దూరిన కణం ఎనర్జీ పోగొట్టుకుంటుంది, ఎనర్జీ పోతే మొమెంటం తగ్గుతుంది, మొమెంటం తగ్గితే రేడియస్ తగ్గుతుంది, కాబట్టి ఏ పక్క వంపు బిగుతుగా ఉందో కణం అటు వైపుకి వెళ్లినట్టు. ఎంత చవకైన తెలివి! ఆగస్టు 2న తీసిన ఫొటోలో పలకకి కింద వంపు 63 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్‌లది, పైన 23ది. అంటే కణం కింద నుంచి పైకి వెళ్లింది, ఆ దిశలో అలా వంగాలంటే చార్జ్ ప్లస్ అయి తీరాలి. లెక్కేసి చూస్తే కింద రేడియస్ 14 సెంటీమీటర్లు, పైన 5 సెంటీమీటర్లు వస్తుంది, కంటికి కనిపించే తేడా. మరి ప్రోటాన్ కావచ్చు కదా? కాదు, పైన ఉన్న వంపు ప్రోటాన్‌దైతే దాని ఎనర్జీ మూడు లక్షల ఎలక్ట్రాన్ వోల్ట్‌లే అవుతుంది, అంత ఎనర్జీతో ప్రోటాన్ గాలిలో 5 మిల్లీమీటర్లు పోయి ఆగిపోతుంది, ఫొటోలో గీత 5 సెంటీమీటర్లు దాటి ఉంది. అలా పాజిట్రాన్, అంటే ప్లస్ చార్జ్ ఉన్న ఎలక్ట్రాన్, దొరికింది. నోబెల్ 1936లో. ఈ కథలో నాకు నచ్చేది ఏంటంటే, డిరాక్ అనే ఫిజిసిస్ట్ అప్పటికే అలాంటి కణం ఉండాలని లెక్కలో చెప్పి ఉన్నాడు, ఆండర్సన్ మాత్రం దాని కోసం వెతకలేదు, ఎం వి బై క్యూ బి తో కుస్తీ పడుతుంటే అదే దొరికింది.

రేడియస్‌లో ఎం కూడా ఉంది కదా, దాన్ని వాడితే ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో వేరే వేరే బరువున్న అణువులు, విడదీయొచ్చు. ఆస్టన్ అనే సైంటిస్టు 1919 తర్వాత మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌తో నియాన్‌లో మాస్ 20ది ఒకటి, 22ది ఒకటి ఉన్నాయని తేల్చింది ఇలా వంపుల తేడాతోనే. దీన్నే ఫ్యాక్టరీ సైజులో చేస్తే ఎలా ఉంటుందో రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా చేసి చూసింది, టెన్నెసీలోని ఓక్ రిడ్జ్‌లో, లారెన్స్ ఐడియాతోనే. ఒకే వోల్టేజ్‌తో తోస్తే రేడియస్ మాస్ స్క్వేర్ రూట్‌ని బట్టి ఉంటుంది, యురేనియం 235కీ 238కీ తేడా ఒక శాతం కూడా రాదు, సుమారు 0.6 శాతం. రేడియస్ 48 అంగుళాలు పెట్టినా అరచుట్టు అయ్యాక రెండు కిరణాల మధ్య దూరం అర అంగుళం పైచిలుకే. అంత పెద్ద అయస్కాంతాల కాయిల్స్‌కి రాగి దొరకలేదు, యుద్ధంలో ఉంది అంతా, దాంతో ప్రభుత్వ ఖజానాలో ఉన్న వెండిని అప్పు తెచ్చుకున్నారు, పది వేల టన్నులకి పైగా. టన్నుల్లో అడిగితే, ఇక్కడ వెండిని టన్నుల్లో లెక్కపెట్టం, ట్రాయ్ ఔన్సుల్లో చెప్పండి అని ఖజానా అధికారి అన్నాడట. యుద్ధం అయ్యాక వెండి తిరిగి ఇచ్చేశారు.

కణం ఫీల్డ్‌కి ఏటవాలుగా వెళ్తే వచ్చే స్ప్రింగ్ దారి గురించి ఎక్కువ చెప్పను. వేగంలో ఫీల్డ్ వెంబడి ఉన్న భాగాన్ని ఫీల్డ్ ముట్టుకోదు, అది తన దారిన పోతుంది, అడ్డంగా ఉన్న భాగం చుట్లు కొడుతుంది, రెండూ కలిపితే స్ప్రింగ్. దాంట్లో కూడా అసలు మజా టైమ్ మారకపోవడంలోనే ఉంది. ఒక చుక్క నుంచి ఎలక్ట్రాన్లు కొంచెం కొంచెం వేరే కోణాల్లో బయలుదేరాయి అనుకోండి, ఒక్కోటి ఒక్కో సైజు స్ప్రింగ్ చుడుతుంది, కానీ ఒక చుట్టు అయ్యేసరికి అన్నీ ఒకే టైమ్‌కి మొదటి గీత మీదికి వచ్చేస్తాయి, కోణాలు చిన్నవైతే ముందుకి జరిగిన దూరం కూడా దాదాపు ఒకటే, అంటే అన్నీ మళ్లీ ఒక చుక్క దగ్గర కలుస్తాయి. చెదిరిపోయినవాటిని మళ్లీ ఒక చుక్కకి తెస్తే అది లెన్సే కదా. 1926లో హాన్స్ బుష్ మాగ్నెటిక్ కాయిల్ లెన్స్‌లా పనిచేస్తుందని చూపించాడు, 1931లో రుస్కా, నోల్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మొదలుపెట్టింది అలాంటి కాయిల్స్‌తోనే.

ల్యాబ్‌లో ఈ చుట్టుని కళ్లతో చూడొచ్చు, గాజు బల్బ్‌లో కొంచెం గ్యాస్ ఉంచి, బయట రెండు పెద్ద కాయిల్స్ పెట్టి, లోపల ఎలక్ట్రాన్లని వదిలితే చీకట్లో నీలంగా లేదా పచ్చగా ఒక రింగ్ వెలుగుతుంది (రంగు గ్యాస్‌ని బట్టి). 300 వోల్ట్‌లు, ఒక మిల్లీ టెస్లా పెడితే రేడియస్ 5.8 సెంటీమీటర్లు రావాలి. భూమి ఫీల్డ్ ఇందులో ఐదు శాతం దాకా ఉంటుంది కాబట్టి రీడింగ్ తేడా వస్తే ముందు బల్బ్‌ని ఎటు తిప్పి పెట్టారో చూడండి, వోల్ట్‌మీటర్‌ని తర్వాత తిడుదురుగాని.

ఆ రింగ్ చూసినప్పుడు ఇంకో డౌట్ రావాలి. గ్యాస్ లేకపోతే, ఏదీ అడ్డు రాకపోతే, ఎలక్ట్రాన్ అలా ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుందా? స్పీడు మారదు అని ఇందాక నేనే గట్టిగా చెప్పాను. నిజానికి దిశ మారుతూ తిరిగే చార్జ్ కొద్దికొద్దిగా లైట్ విడుదల చేస్తుంది, ఎనర్జీ అలా కారిపోతుంది. ఒక టెస్లాలో నిదానంగా తిరిగే ఎలక్ట్రాన్ ఎనర్జీ దాదాపు 2.6 సెకన్లలో మూడో వంతు పైచిలుక్కి పడిపోతుంది. 2.6 సెకన్లు తక్కువలా ఉంది గానీ ఆలోపు ఏడు వేల కోట్ల చుట్లు అయిపోతాయి, కాబట్టి ఒక్క చుట్టు వరకు చూస్తే మన సర్కిల్ పర్ఫెక్టే. ఇదే లెక్క ప్రోటాన్‌కి వేస్తే, మాస్ నిష్పత్తి ఘనం వచ్చి పడుతుంది, 2.6 సెకన్లు కాస్తా సుమారు 500 ఏళ్లు అవుతుంది. ఫార్ములా ఒకటే, పెట్టిన ఎం వేరు.

పెద్ద సైజుల్లో ఎలా ఉంటుందో చూద్దాం. ఫ్యూజన్ రియాక్టర్‌లో 5 టెస్లా ఫీల్డ్, కణాలు పది వేల ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర, డ్యుటీరియం (బరువు హైడ్రోజన్) కేంద్రకం చుట్టు రేడియస్ 4 మిల్లీమీటర్లు, ఎలక్ట్రాన్‌ది 0.07 మిల్లీమీటర్లు, అందుకే గోడలు తగలకుండా ఫీల్డ్ గీతలకి అతుక్కుని ఉంటాయి. అవే పది వేల ఎలక్ట్రాన్ వోల్ట్‌ల ఎలక్ట్రాన్ భూమి ఫీల్డ్‌లో అయితే ఏడు మీటర్ల లోపు రేడియస్‌తో చుట్లు కొడుతూ ధ్రువాల దగ్గర కిందికి దిగుతుంది, అరోరా వెలుగులు వచ్చేది దాదాపు ఈ ఎనర్జీ వాటి వల్లే. సెర్న్ పెద్ద కొలైడర్‌లో ఫీల్డ్ 8.33 టెస్లా, వంపు రేడియస్ 2804 మీటర్లు. పెద్ద ఎనర్జీల దగ్గర ఒక షార్ట్‌కట్ ఉంది, టెస్లాలని మీటర్లతో గుణించి 0.3 తో గుణిస్తే గిగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లలో మొమెంటం వస్తుంది, వేసి చూడండి, 7000 వస్తుంది, వాళ్లు డిజైన్ చేసింది కూడా 7000కే.

ఇక గెలాక్సీ. మన గెలాక్సీలో ఫీల్డ్ అతి బలహీనం, మూడు మైక్రో గాస్ అనుకోండి, అదీ యూనిఫాం కాదు, చిందరవందర, అయినా అంచనాకి ఇదే ఫార్ములా చాలు. పదిహేను సున్నాల ఎలక్ట్రాన్ వోల్ట్‌లతో వచ్చే కాస్మిక్ ప్రోటాన్‌కి ఆ ఫీల్డ్‌లో రేడియస్ ఒక కాంతి సంవత్సరం కంటే కొంచెం ఎక్కువ. గెలాక్సీ అడ్డంగా లక్ష కాంతి సంవత్సరాలు. అంటే అది మన దాకా వచ్చేలోపు లెక్కలేనన్ని మలుపులు తిరిగి ఉంటుంది, ఎటు నుంచి వచ్చిందో చూసి ఎక్కడ పుట్టిందో చెప్పడం కుదరదు, అందుకే పుట్టిన చోటు వెతకాలంటే చార్జ్ లేని వాటిని, గామా కిరణాలని, న్యూట్రినోలని నమ్ముకుంటారు.

ఎనర్జీ ఇంకా పెంచితే మాత్రం రేడియస్ గెలాక్సీని దాటిపోతుంది, అప్పుడు దారి దాదాపు నిటారు, వెనక్కి గీత గీస్తే పుట్టిన చోటు కనబడాలి. 2021 మే 27న యూటా ఎడారిలో టెలిస్కోప్ అర్రే అనే డిటెక్టర్‌కి అలాంటిది ఒకటి దొరికింది, 244 పక్కన పద్దెనిమిది సున్నాల ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, అమతెరాసు అని పేరు పెట్టారు. ప్రోటాన్ అయితే దాని రేడియస్ దాదాపు 2.9 లక్షల కాంతి సంవత్సరాలు, వంగదు అనే చెప్పాలి. వెనక్కి గీత గీస్తే ఆ దిశలో ఉన్నది లోకల్ వాయిడ్, గెలాక్సీలు పెద్దగా లేని ఖాళీ. దానికి ఇచ్చే సమాధానాల్లో ఒకటి, అది అసలు ప్రోటాన్ కాదేమో, ఇనుము లాంటి బరువైన కేంద్రకమేమో అని. ఇనుము అయితే క్యూ 26 రెట్లు, రేడియస్ 26వ వంతు, పదకొండు వేల కాంతి సంవత్సరాలకి పడిపోతుంది, గెలాక్సీ లోపలే బాగా వంగి ఉండొచ్చు, మనం గీసిన గీత తప్పు వైపు చూపిస్తూ ఉండొచ్చు. ఆ ఒక్క కణం క్యూ ఎంతో తెలిస్తే తేలిపోయేది.